నాగరత్నమ్మ కోరపన్ను

మొన్న రవిక కుట్టించుకోవడానికి వెళ్తే, టైలరమ్మ చివరి కుట్టు వేసి దారాన్ని పంటితో పుటుక్కున తుంచింది. ఆ చప్పుడుకు నా చెయ్యి దానంతటదే సంచిలోని చిన్న కత్తెర కోసం వెళ్లింది. ఈ అలవాటు నాకు నేర్పింది ప్రొద్దుటూరులో నేను సహాయకురాలిగా పనిచేసిన పంటి ఆసుపత్రి డాక్టరు విశాలాక్షి మేడం. ఇప్పుడామె ప్రాక్టీసు మానేసి కర్నూలులో తమ్ముడి దగ్గర ఉంటున్నారు. ఆమె పెట్టిన పళ్లు ఊడవని ఊరంతా చెప్పుకుంటుంది. ఊడబోయినదాన్ని ఎలా నిలిపారో చూసినవాళ్లం మాత్రం కొద్దిమందిమే. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

నేను ఇంటర్‌తో ఆగినదాన్ని. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. దొరికిన వైద్యం పుస్తకమల్లా నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేదాన్ని. దానికి వేరేవాళ్లు నవ్వేవారు కానీ మేడం నవ్వలేదు. పొద్దున్నే గ్లవ్స్ తొడుక్కుంటూ, "నిన్న ఏం చదివినావు పాపా?" అని అడిగేవారు. నేను చెబుతుంటే చివరిదాకా వినేవారు.

నాగరత్నమ్మ మైదుకూరు నుంచి వచ్చేది. ఇంట్లో మగ్గం నేసే మనిషి. కోరపన్ను పోయిన చోట మేడం ఆమెకు ఇంప్లాంట్ పెట్టారు. అంటే ఎముకలోకి వేరులాంటి లోహపు మేకు దించి, అది ఎముకతో కలిసిపోయాక పైన పన్ను బిగించడం. కొన్ని నెలలకు ఆ పన్ను కదిలింది. చిగురు వాచింది. మేడం పన్ను విప్పి, లోపలంతా శుభ్రం చేసి, కొత్త స్క్రూతో బిగించారు. అదీ నిలవలేదు. ఈసారి ఎక్స్‌రేలో మేకు చుట్టూ ఎముక అంచు కరగడం మొదలైనట్టు కనిపించింది. అది ఆగకపోతే మేకు ఊడిపోతుంది, మరొకటి పెట్టడానికి అక్కడ ఎముకా మిగలదు.

"పీకేయండి మేడం," అంది నాగరత్నమ్మ. "గాలికి తలుపు మాదిరి ఊగుతాండాదని మా ఆడబిడ్డ నగుతాండాది."

"ఆమె పండ్లన్నీ గట్టివేనా? ఈసారి ఆమెనూ తోడుకొని రా," అన్నారు మేడం.

నిద్రలో పళ్లు కొరుకుతుందేమోనని నేను చదివింది చెప్పాను. "పుస్తకంలో శానా కారణాలుండాయి పాపా. ఈమె నోట్లో ఉండేది ఏదో చూడాల," అని నాగరత్నమ్మ వైపు తిరిగారు. "గట్టివి కొరుకుతాండావా?"

"బొమికలు గూడా మానుకుంటి."

"అట్లయితే ఆదివారం మీ ఇంటికొస్తాం. నువ్వు నేస్తాండు, మేం చూస్తాంటాం."

"పన్ను చూసేదానికి ఇంటికెందుకు మేడం?"

"ఈ కుర్చీలో కూచుంటే నీ పన్ను ఏ పనీ చేయదు కదా."

ఆదివారం వెళ్లాం. టీ తాగి మగ్గం పక్కన కూర్చున్నాం. కాసేపటికి పడుగులో ఒక పోగు తెగింది. నాగరత్నమ్మ అడ్డపోగు నేసే నాడె పక్కన పెట్టి, పోగుకు ముడి వేసి, మాతో మాట్లాడుతూనే వంగి, మిగిలిన కొసను ఆ కోరపంటికే పెట్టి తల పక్కకు విదిల్చింది. మేడం నా మోచేయి పట్టుకున్నారు. మరో పోగు తెగేదాకా చూస్తూ కూర్చున్నారు. మళ్లీ అదే పన్ను, అదే విదిలింపు.

"ఇప్పుడు కొస దేనితో తెంచినావు?"

"చేత్తోనే మేడం. నేను పంటితో ఎప్పుడూ కొరకను."

వాకిట్లోంచి ఆడబిడ్డ సుబ్బమ్మ అందుకుంది. "నువ్వు కాపురానికొచ్చినప్పటి నుంచి చూస్తాండా వదినా. పంటితోనే."

నాగరత్నమ్మ మొహం చిన్నబోయింది. ఇక తిట్లు పడతాయని నేననుకున్నాను. మేడం మాత్రం, "తప్పు నాది నాగరత్నమ్మా. పన్ను పెట్టకముందే నీ పనేందో అడగాల్సింది. నేను అడగలేదు," అన్నారు. అంత పేరున్న డాక్టరు, ఇంటిల్లిపాదీ వింటుండగా ఆ మాట అనడం చూసి, ఆమె దగ్గర పనిచేస్తున్నందుకు ఆ రోజు గర్వపడ్డాను. ఈ రోజుకూ ఆ గర్వం తగ్గలేదు.

మేడం తన సంచిలోని కత్తెరను తాడుతో మగ్గానికి కట్టి, సుబ్బమ్మను కాపలా పెట్టారు. ఆమె ఆ ఉద్యోగాన్ని ఎంతో సంతోషంగా చేసింది. ఆసుపత్రిలో మేడం పన్ను విప్పి, చిగురు లోపల శుభ్రం చేసి, పక్కకు లాగినా బరువు పడకుండా కోర మొనను కాస్త అరగదీసి, మళ్లీ బిగించారు. దాని చుట్టూ రోజూ ఎలా శుభ్రం చేసుకోవాలో నేనే నేర్పాను. తరువాతి ఎక్స్‌రేలో ఎముక కరగడం ఆగిపోయినట్టు కనిపించింది. ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి, మేడం ముందుగా నాకే చూపించారు.

అప్పటి నుంచి ఇంప్లాంట్ కోసం ఎవరొచ్చినా, షుగరు, బీడీల సంగతితో పాటు ఒక ప్రశ్న అడిగే పని నాకు అప్పగించారు. "తినేదానికి కాక పండ్లతో ఇంకేం చేస్తావు?" మొదట అందరూ నవ్వుతారు. తరువాత కరెంటు పనివాడికి తీగ తోలు వలిచే సంగతి, వడ్రంగికి పంటి మధ్య మేకులు పట్టే సంగతి గుర్తొస్తాయి. ఇప్పుడు వేరే ఆసుపత్రిలో ఉన్నా అడుగుతూనే ఉన్నాను. ఇక్కడి కుర్ర డాక్టర్లూ అడగడం మొదలుపెట్టారు.

మూసే వేళ దాటినా నా బల్ల మీది లైటు తీయని గ్రంథాలయం ఖాదర్‌వలీ సారుకు, కాపలా కాసిన సుబ్బమ్మకు, నేను చెప్పింది విన్న విశాలాక్షి మేడానికి నా కృతజ్ఞతలు. నాగరత్నమ్మకు కూడా. పోయిన నెల ఇక్కడికి చూపించుకోవడానికి వచ్చినప్పుడు, ఇప్పుడూ పంటితో తెంచుతున్నావా అని అడిగాను.

"నేనెప్పుడు తెంచితిని పాపా?" అని నోరారా నవ్వింది. కోరపన్ను కదలకుండా దాని చోట ఉంది.