పది అంగుళాల పుట్ట

నర్సీపట్నంలో బేస్‌బాల్ మైదానం ఉందంటే నర్సీపట్నం వాళ్లే నమ్మరు. మా డిగ్రీ కాలేజీ వెనక, జీడితోటల్ని ఆనుకుని ఉంది. పద్దెనిమిదేళ్లుగా దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనిషి క్రీస్తురాజు. రిజిస్టరులో ఆయన అటెండరు. కానీ బెల్లు కొట్టడానికి ఆయన్ని వెతికితే స్టాఫ్‌రూము దగ్గర ఎప్పుడూ దొరకలేదు. నేను చదివిన మూడేళ్లూ లైబ్రరీ కిటికీలోంచి చూస్తే ఎండలో వంగి, చేతిలో టేపుతో, నేలని కొలుస్తూ కనిపించేవాడు.

ఆ ఆట మన ఊరికి రావడం వెనక పెద్ద ఆశయం ఏమీ లేదు. వ్యాయామ అధ్యాపకుడు జగదీశ్వరరావు గారు ఒకరోజు యూనివర్సిటీ ఆటల పట్టిక తిరగేశారు. క్రికెట్‌కి అరవై కాలేజీలు పోటీ పడుతున్నాయి. కబడ్డీకి అంతకంటే ఎక్కువ. బేస్‌బాల్‌కి మూడే. నాలుగో కాలేజీగా పేరు ఇస్తే చాలు, ఒక్క బంతి వేయకుండానే సెమీ ఫైనల్ చేరినట్టు. సర్టిఫికెట్లలో ఆ మాటే రాస్తారు. పట్టిక మూసి ఆయన క్రీస్తురాజుని పిలిచారు.

"రాజూ, తొమ్మిదిమందిని సూడు. పరిగెట్టేవోళ్లయితే సాలు."

"ఆట ఏటి సార్?"

"అది తరవాత సూద్దాం."

సామాన్లు అలాగే ఒక్కొక్కటీ సమకూరాయి. పరిగెట్టేవాడు కాలు మోపే బేసులు గోనెసంచుల్లో కొబ్బరి పీచు కుక్కి కుట్టినవి. బ్యాటు పట్టినవాడి ముందు నేలలో ఉండే హోమ్ ప్లేటు లారీ టైరులోంచి కోసినది. గ్లవ్స్ ఎనిమిదే ఉండడంతో తొమ్మిదోవాణ్ని బంతి ఎప్పుడూ వెళ్లని మూల నిలబెట్టేవారు. మొదటి బ్యాటు ఏటికొప్పాకలో చేయించారు. అంకుడు కర్రతో, ఎరుపూ పసుపూ లక్క పూసి, అద్దంలా మెరిసేలా చేసి ఇచ్చారు. దాంతో కొట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు. చివరికి ఒకడు కళ్లు మూసుకుని కొట్టాడు. బంతి అక్కడే పడింది, బ్యాటు సగం మాత్రం జీడితోటలోకి వెళ్లింది. మిగిలిన సగం ఇప్పటికీ ప్రిన్సిపాల్ గారి అద్దాల బీరువాలో ఉంది.

ఆటగాళ్లు కూర్చోవడానికి డగౌట్ కావాలన్నారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పీకేసిన బస్ షెల్టరు ఒకటి పడి ఉంటే, క్రీస్తురాజు ట్రాక్టరు మీద తెచ్చి నిలబెట్టాడు. అప్పటినుంచీ ఏజెన్సీలో చింతపల్లి వైపు వెళ్లే ముసలివాళ్లు సంచులతో వచ్చి అందులో కూర్చుంటున్నారు. అది డగౌట్ అని, ఇక్కడికి బస్సు రాదని ఆయన మొదట్లో చెప్పేవాడు. తరవాత చెప్పడం మానేసి, బస్సు టైములు సుద్దతో గోడ మీద రాసిపెట్టాడు.

ఇంత చేసినా ఆ మైదానంలో పద్దెనిమిదేళ్లలో ఒక్క అసలు మ్యాచ్ జరగలేదు. మనవాళ్లే ప్రతి ఏడూ బస్సెక్కి ఎక్కడికో వెళ్లి ఓడిపోయి వచ్చేవారు. క్రీస్తురాజుకి మిగిలిన కోరిక ఒక్కటే. తను గీసిన గీతల మీద, తను పేర్చిన మట్టి మీద ఒక్క మ్యాచ్ చూడాలి.

దానికి అడ్డం పడింది మట్టిదిబ్బ. బంతి విసిరేవాడు నిలబడే ఆ దిబ్బ సరిగ్గా పది అంగుళాల ఎత్తు ఉండాలి. యూనివర్సిటీ కమిటీ వచ్చి కొలిచి సరే అంటేనే మైదానానికి మ్యాచ్‌లు ఇస్తారు. మొదటిసారి వచ్చినప్పుడు ఎనిమిది అంగుళాలు వచ్చింది. రెండోసారి ముందుజాగ్రత్తగా పన్నెండు చేశాడు. మూడోసారి సరిగ్గా పది ఉంది, కానీ కమిటీ కారు దిగేసరికి వాన కురిసింది, వాళ్లు టీ తాగి వచ్చేసరికి దిబ్బే లేదు. ఈసారి కుదరకపోతే మైదానం పేరు జాబితాలోంచి శాశ్వతంగా తీసేస్తామని ఉత్తరం వచ్చింది.

వానకి కరగని మట్టి కోసం క్రీస్తురాజు వేసవంతా తిరిగాడు. పుట్టమన్ను అయితే రాయిలా గట్టిపడుతుందని పాత క్రికెట్ పిచ్‌లు చేసిన మేస్త్రి ఒకాయన చెప్పాడు. ఇంకేం, ఊరి చివర లేఅవుట్లలో, గట్ల మీద, రైసుమిల్లు వెనక, కనిపించిన పుట్టనల్లా తవ్వాడు. మొత్తం పన్నెండు పుట్టలు. అన్నీ తెచ్చి, తడిపి, తొక్కి, దిమ్మిసాతో కొట్టి దిబ్బ కట్టాడు. తాపీమేస్త్రి దగ్గర తెచ్చిన నీళ్ల గొట్టంతో లెవెల్ చూశాడు. సరిగ్గా పది. ఆ ఏడు వానలన్నీ కురిసి వెళ్లినా గోరంత చెదరలేదు. మిగిలిన మన్ను సంచులకెత్తి డగౌట్ కింద దాచాడు.

కమిటీ రోజు నాగుల చవితి అయింది. సెలవురోజు కాబట్టి ప్రశాంతంగా ఉంటుందని జగదీశ్వరరావు గారే ఆ తేదీ అడిగి తీసుకున్నారు.

ఆ ఉదయం తెలతెలవారుతూనే క్రీస్తురాజు బయల్దేరుతుంటే భార్య లీల టిఫిన్ డబ్బా అందిస్తూ అంది, "ఆదివారం చర్చికి రమ్మంటే చొక్కా దొరకదంటారు. మట్టిదిబ్బకయితే కోడికంటే బేగి లేస్తారు."

మైదానానికి వెళ్లేసరికి గేటునుంచి దిబ్బదాకా ఆడవాళ్ల వరస. పాలగ్లాసులు, కోడిగుడ్లు, చిమ్మిలి, చలిమిడి. ముందు నిలబడింది కాలేజీ ఎదుట టీకొట్టు నడిపే సోమలమ్మ. దిబ్బ మీద అప్పటికే పసుపూ కుంకుమా పడ్డాయి.

"పిన్నీ, ఇది పుట్ట కాదు. ఆటకి కట్టింది," అన్నాడు క్రీస్తురాజు.

"మన్ను ఎక్కడిది?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "పుట్టమన్నే."

"ఏ పుట్టలు?"

"రైసుమిల్లు ఎనకది, లేఅవుట్లవి..."

"మా యీది పుట్ట నువ్వే తవ్వి ఒట్టికెల్లిపోనావు. పక్కయీది రాజేశ్వరి వాళ్లదీ నువ్వే ఒట్టికెల్లిపోనావు. పన్నెండు పుట్టలు తెచ్చి ఒక్కకాడ పోసి, ఇప్పుడు పుట్ట కాదంటే మేం పాలెక్కడ పొయ్యాల? నీ నెత్తి మీదా?"

క్రీస్తురాజు ఆలోచించాడు. తప్పు ఆమెది కాదు. "సరే, పదిన్నరకి కమిటీ వస్తాది, ఈలోపు అయిపోవాల. చెప్పులతో ఎక్కకండి," అన్నాడు.

"పుట్ట మీదకి చెప్పులతో ఎవరెక్కుతారు? మీ కుర్రోళ్లే ఎక్కుతారు, మేకుల బూట్లేసుకుని," అంది సోమలమ్మ.

పాలు పోస్తే పోశారు. చిక్కు తరవాత వచ్చింది. పూజ అయ్యాక ప్రతి మనిషీ కాస్త పుట్టమన్ను తీసి చెవులకు పెట్టుకుని, ఇంట్లోవాళ్లకోసం ఇంకో గుప్పెడు కొంగున కట్టుకుంటోంది.  క్రీస్తురాజు పరుగున నీళ్ల గొట్టం తెచ్చి పెట్టి చూశాడు. తొమ్మిదిన్నర అంగుళాలు. ఇంకా సగం వరస ఉంది.

"పిన్నీ, మన్ను తరిగిపోతంది. తీసినోళ్లు తీసినంతా మళ్లీ వెయ్యమను. డగౌట్ కింద సంచుల్లో ఉంది, ఒక్కో దోసెడు."

"అలాగే సెప్పొచ్చు కదా. పుట్టకి మన్నెయ్యడం పుణ్యమే," అంది సోమలమ్మ.

ఆయన ఊపిరి పీల్చుకుని కమిటీని తీసుకురావడానికి గేటు దగ్గరికి వెళ్లాడు. కమిటీ తరఫున కారు దిగింది నారాయణమూర్తి గారు, ఉక్కు టేపుతో. జగదీశ్వరరావు గారు ఆయన్ని ముందు బేసులు చూపిస్తూ, తరవాత బ్యాటు సగం కథ చెబుతూ, వీలైనంత నెమ్మదిగా నడిపించారు.

"డగౌట్‌లో కూర్చున్నవాళ్లు ఏ టీమండీ?" అని అడిగారు నారాయణమూర్తి గారు.

"చింతపల్లి బస్సండి," అన్నాడు క్రీస్తురాజు.

ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. దిబ్బ దగ్గరికి వచ్చేసరికి వరస అయిపోయింది కానీ ఎవరూ వెళ్లలేదు. మన్ను సంచులు ఖాళీ అయ్యాయి. పుణ్యం అన్నాక ఒక్క దోసెడుతో ఎవరు ఆగుతారు? నారాయణమూర్తి గారు బూట్లు విప్పి, సాక్సులు కూడా విప్పి, మడమల మీద నడుచుకుంటూ ఎక్కి కొలిచారు.

"పద్నాలుగు," అన్నారు.

 క్రీస్తురాజు వెళ్లి పార తెచ్చాడు.

"ఏటి ఆ పార?" సోమలమ్మ అడ్డంగా నిలబడింది. "చవితి పూట పుట్ట మీద పార ఏస్తావేటి?"

"నాలుగంగుళాలు ఎక్కువున్నాది పిన్నీ. తియ్యకపోతే ఈ జన్మకి ఇక్కడ మ్యాచ్ అవదు." గొంతు పెద్దది చేయలేదు. పారని మాత్రం వదల్లేదు. "పద్దెనిమిదేళ్లయింది."

సోమలమ్మ ఆయన ముఖం చూసింది, పార చూసింది, నారాయణమూర్తి గారి ఉత్త కాళ్లు చూసింది. తరవాత వరసకేసి తిరిగింది.

"ఓలమ్మలూ, గ్లాసులు కాళీయేనా? పట్టండి. పుట్టమన్ను పెసాదం. ఇంటికో గ్లాసుడు."

పార అక్కర్లేకపోయింది. వరస మళ్లీ కదిలింది. పాలగ్లాసుల్లో, గిన్నెల్లో, కొంగుల్లో మన్ను వెళ్లడం మొదలుపెట్టింది. పదిమంది వెళ్లగానే క్రీస్తురాజు చెయ్యెత్తేవాడు. నీళ్ల గొట్టం ఒక కొస తను పట్టుకుంటే, రెండో కొస నారాయణమూర్తి గారు హోమ్ ప్లేటు దగ్గర గొంతుక్కూర్చుని పట్టుకునేవారు. పదమూడు. పన్నెండుంపావు. పదకొండు. బస్సు కోసం కూర్చున్నవాళ్లు కూడా వచ్చి సంచుల్లో తలో కాస్తా వేసుకున్నారు. పది మీద ఒక నూలు, అంగుళంలో ఎనిమిదో వంతు, ఉండగా అందరి గ్లాసులూ నిండిపోయాయి.

క్రీస్తురాజు చుట్టూ చూశాడు. నారాయణమూర్తి గారు జేబురుమాలు తీశారు.

"మా ఆవిడకి చెవిపోటు ఎక్కువండి," అన్నారు నెమ్మదిగా, మన్ను మూట కట్టుకుంటూ.

పది వచ్చింది. ఆయన కాగితం మీద రాసిన మాటలు జగదీశ్వరరావు గారు తరవాత నోటీసు బోర్డులో పెట్టారు. దిబ్బ ఎత్తు సరిగా ఉన్నది, తేమ కొంచెం ఎక్కువ, ప్రేక్షకుల సహకారం బాగున్నది.

మ్యాచ్ డిసెంబరులో జరిగింది. బంతి విసిరే మన గోవింద్ దిబ్బ ఎక్కేముందు వంగి, వేలితో మన్ను తాకి చెవికి రాసుకున్నాడు. ప్రతి బంతికీ అదే చేస్తుంటే, అది రహస్య సైగ అని అవతలి కోచ్ ఫిర్యాదు చేశాడు. అంపైరు తనూ ఒకసారి వంగి తాకి చూసి, ఇందులో ఏమీ లేదు, ఆడండి అన్నాడు. తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో అయిదు అయ్యేసరికి మనవాళ్లు తొమ్మిది పరుగులు వెనకబడ్డారు.

పద్దెనిమిదేళ్లలో మొదటిసారి క్రీస్తురాజు డగౌట్‌లో కూర్చున్నాడు. పక్కన సంచితో ఉన్న ముసలామె అడిగింది, "సింతపల్లి బస్సు ఎంతసేపుంది బాబూ?"

గోడ మీద టైము చూసి చెప్పడం ఆయనకి అలవాటే. ఈసారి తల తిప్పలేదు. "ఇంకా నాలుగు ఇన్నింగ్సులున్నాయమ్మా," అన్నాడు దిబ్బనే చూస్తూ.

ఆమె సంచి కిందపెట్టి, కాళ్లు చాపుకుని కూర్చుంది.