మూడు రింగుల కోసం పాలమూరు

ఆదివారం పొద్దున తొమ్మిదికి నల్గొండలో మా పక్కింటి టీచరమ్మ ఫోను రెండుసార్లు మోగి ఆగింది. అది షాహీన్ రింగు. ఇంటర్ దాకా ఇద్దరం ఒకే బెంచీ. డిగ్రీకి నేను ఊళ్లోనే ఉండిపోయాను, తను మహబూబ్‌నగర్ హాస్టల్లో చేరింది. మా వైపు ఆ ఊరిని పాలమూరంటారు. ఎత్తని ఫోనుకు బిల్లు పడదు కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నాం. రెండు రింగులైతే బాగున్నట్టు, మూడైతే వెంటనే రమ్మన్నట్టు. రెండు వినగానే నిశ్చింతగా టిఫిన్‌కు లేచాను. అంతలోనే మళ్లీ మోగింది. ఈసారి మూడు.

ఐదు నిమిషాల్లో ఏమైనట్టు? తిరిగి చేద్దామంటే తను ఫోన్ చేసే ఎస్టీడీ బూతు నంబరు నా దగ్గర లేదు. ఎన్నడూ అడిగి పెట్టుకోలేదు, అంత తెలివి మాది.

బాపును ఒప్పించి సోమవారం ఆరింటికి దేవరకొండ బస్సెక్కాను. వెళ్లేవాళ్లు కుడివైపు కూర్చోండి, ఎండ పడదు. ఎనిమిదికి దేవరకొండలో దిగి కల్వకుర్తి బస్సు పట్టుకున్నాను. పక్కన సీతాఫలాల గంపతో ఒక అవ్వ.

"ఏడికి బిడ్డా?"

"పాలమూరు. దోస్తును చూడనీకి."

"పాణం బాగలేదా?"

"తెల్వదవ్వా."

"తెల్వకుండనే గింత దూరమా?" అని ఒక పండు చేతిలో పెట్టింది. తినబుద్ధి కాక సంచిలో వేసుకున్నాను. జ్వరమా, ఇంకేమైనానా అని దారంతా అదే ఆలోచన.

కల్వకుర్తిలో చాయ్ తాగి మరో బస్సెక్కి, జడ్చర్ల మీదుగా పన్నెండున్నరకు మహబూబ్‌నగర్ చేరాను. స్టాండు నుంచి హాస్టల్‌కు నడిచే దూరమే. షాహీన్ గదిలోనే ఉంది. పక్కన తాడుతో కట్టిన ట్రంకు పెట్టె.

"నువ్వెందుకొచ్చినవే?" అంది.

"మూడు మోగినయి గద."

"నేను రెండే కొట్టిన."

పెట్టె వైపు చూశాను. తను తల దించుకుంది. "సార్లు ఇంగ్లీషుల చెప్తే ఒక్క ముక్క సమజైతలేదు. అడుగుదమంటే నవ్వుతరు. రేపు ఇంటికి పోతున్న."

"మరి మంచిగున్నట్టు ఎందుకు కొట్టినవ్?"

"మూడు కొడితే నువ్వొస్తవని."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ మూడు ఎవరు కొట్టారో అడుగుదామని ఇద్దరం బూతుకు నడిచాం. బూతాయన చంకకర్ర గోడకు ఆనించి కూర్చున్నాడు. అడగకముందే చెప్పాడు.

"నేనే చేసిన బిడ్డా. రెండంటే మంచిగున్నట్టు, మూడంటే రమ్మన్నట్టని గీమెనే చెప్పింది. నెల సంది రెండే కొడ్తది, బయటికి పోయి ఏడుస్తది. నిన్న నా మనసు ఊకోలే. ఆమె పోయినంక రీడయల్ వత్తి మూడు మోగనిచ్చిన."

షాహీన్ ఆయన మీద కోప్పడుతుందనుకున్నాను. చున్నీతో కళ్లు తుడుచుకుని, "షుక్రియా అన్నా" అంది.

నేను మూడింటి బస్సెక్కితే తను వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. పెట్టె తాడు ఇంకా విప్పలేదు. పరీక్షల దాకా ఉండి చూస్తానంది, అంతే. బూతు నంబరు రాసిన చీటీ నా గుప్పిట్లో ఉంది.

"ఇగ నుంచి ఒక్క రింగుకే ఎత్తుత," అన్నాను. "బిల్లు పడితే పడనీ."

"ఎత్తినంక ఏం మాట్లాడాలె?"

"ఏమన్న మాట్లాడు. ఏడుపొస్తే ఏడువు."

జడ్చర్ల దాటాక అవ్వ ఇచ్చిన పండు గుర్తొచ్చింది. సంచిలో మెత్తబడిపోయింది, అయినా తిన్నాను. దారి మంచిదే, మూడు బస్సులు మారితే చాలు. నెల రోజులుగా తను అక్కడ ఏడుస్తుంటే, ఇక్కడ నేను రెండు రింగులు లెక్కపెట్టుకుని ఇడ్లీ తిన్నాను.