‘ఇంకోపారి తియ్’ అన్న అక్క

మంగళవారం పొద్దున ఉప్పల్‌లో బస్సు దిగుతుంటే ఫోన్ వచ్చింది. మా అక్క పోయిందట. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు. నేను బస్టాపులోనే కూర్చుండిపోయాను. సొంత అక్క కాదు. నాచారంలోని మా కంటి ఆసుపత్రిలో నాకు స్కానింగ్ పని నేర్పిన సీనియర్. అక్కడ పనిచేసే అందరికీ ఆమె అక్కే.

పేషెంటు కూర్చునే ముందు, స్కాన్ మిషన్ మీద గడ్డం ఆనించే చోటును వాళ్ళు చూస్తుండగానే దూదితో తుడిచేది. “తుడిచినమని వాళ్ళకు తెల్వాలె గదనే” అనేది. ముసలమ్మలు మిషన్‌కు భయపడి తల వెనక్కి తీసుకుంటే, “పెళ్ళిచూపులల్ల కూసున్నట్టు కూసో పెద్దమ్మా, జర కదలకు” అనేది. వాళ్ళు నవ్వేవారు. నవ్వు ఆగేలోపు తను స్కాన్ తీయడానికి సిద్ధంగా ఉండేది.

నేను చేరిన రెండో నెలలో, దగ్గరి ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన వచ్చాడు. కుడికంట్లో కింది నుంచి నల్లటి తెర లేస్తోందన్నాడు. కంటి వెనక అతుక్కుని ఉండే రెటీనా పొర పైభాగంలో ఊడిందని డాక్టరుగారు చెప్పారు. నడిమి భాగం కూడా ఊడిందా లేదా అన్నది, కంటి లోపలి పొరలను ఫొటో తీసే ఓసీటీ స్కాన్‌లో తేలాలి. మనం అక్షరాలు చదివేదీ, ముఖాలు గుర్తుపట్టేదీ ఆ కాస్త చోటుతోనే. అది ఇంకా అతుక్కునే ఉంటే వెంటనే ఆపరేషన్ చేసి కాపాడాలి. అప్పటికే ఊడిపోతే కొద్ది రోజులు ఆగినా పెద్ద తేడా ఉండదు.

నేను స్కాన్ తీశాను. పొర లేచి కనిపించింది. నడిమి భాగం ఊడిందని రాసిచ్చాను. ఆపరేషన్ మరుసటి వారానికి పెట్టారు. “మంచిదే మేడమ్, సెకండ్ షిఫ్టు అందుకుంట” అని ఆయన వెళ్ళిపోయాడు.

అంతలో అక్క భోజనం చేసి వచ్చింది. స్క్రీన్ చూసి ఆగింది.

“నడిమిట్ల చిన్న గుంట ఉండాలె. ఏదే?”

“కనిపించలేదక్కా.”

“ఆయన సూపు నిలవెట్టిండా?”

ఆయన కన్ను మాటిమాటికీ పైకి పోయింది, నడిమి భాగానికి బదులు ఊడిన పైభాగమే స్కాన్‌లో పడింది. బయట జనం ఉన్నారని తొందరపడ్డాను.

“ఇంకోపారి తియ్. మనం సూపించిన కాడనే మిషన్ తీస్తది” అంటూనే చెప్పులు లేకుండా బయటికి పరుగెత్తింది. ఆటో ఎక్కబోతున్న ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“ఏందక్కా, షిఫ్టు పోతది!”

“షిఫ్టు రేపొస్తది అన్నా, కన్ను రాదు. జర నా మాట ఇను.”

ఆయన తల మీద అరచెయ్యి వేసి, “గా పచ్చ గుర్తునే సూడు, యాడికీ పోకు” అంది. నేను మళ్ళీ తీశాను. ఈసారి గుంట కనిపించింది. నడిమి భాగం అతుక్కునే ఉంది! ఊడిన అంచు మాత్రం దాని పక్క దాకా వచ్చేసింది.

“పోయి సార్‌కు నువ్వే చెప్పు” అంది అక్క. ఊడిన పొర ఇంకా కిందికి జారకుండా ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌కు తనే ఫోన్ చేసింది. పొరపాటు నాదేనని చెప్పాను. డాక్టరుగారు కొత్త స్కాన్ చూశారు, నన్నొకసారి చూశారు, ఆపరేషన్ థియేటర్‌కు ఫోన్ చేశారు. సాయంత్రానికల్లా ఆపరేషన్ అయిపోయింది.

ఏడుస్తూ మూల కూర్చున్న నాకు అక్క చాయ్ తెచ్చింది. “తాగు. నీ కండ్లు మసకైతే రేపు స్కాన్లెవరు తీయాలె?” అంది. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నా ముందరా కాదు, ఇంకొకరి ముందరా కాదు.

కొన్ని నెలలకు ఆ ఫ్యాక్టరీ ఆయన వచ్చి, ఎడమకన్ను మూసుకుని బోర్డు మీది అక్షరాలు దాదాపు చివరి వరస దాకా చదివాడు. “ఇంగ్లీషు మస్తుగ చదువుతున్నవే అన్నా!” అని అక్క ఆటపట్టించింది. ఆయన నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

నేను అక్కను చివరగా చూసింది మొన్న శనివారం మధ్యాహ్నం. కంట్లో చుక్కలు వేయించుకున్న ఒక ముసలమ్మ గేటు దగ్గర వెలుతురు ఓర్వలేక నిలబడింది. చెంగిచెర్ల పోవాలట. అక్క తన రెండు చేతులూ ఆమె నుదుటి మీద నీడగా పట్టి, ఆటో వచ్చేదాకా పక్కనే నిలబడింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆ ఎండకు అక్క కళ్ళే మూసుకుపోయి ఉన్నాయి.