జున్ను మీద మేడ

ముప్ఫైల నాటి మాట ఇది. పెళ్ళయి కొల్లేటి లంకకు కాపురానికొచ్చిన కొత్తల్లోనే ఒక సంగతి కనిపెట్టాను. ఆ ఊళ్ళో ఎవరు ఎందుకు తూలినా ఒకటే కారణం చెబుతారు: "పడవ తూలు లెండి." చుట్టూ నీళ్ళే. ఉప్పుకైనా చుట్టపుచూపుకైనా దోనె ఎక్కాల్సిందే. దిగాక కాసేపు కాళ్ళ కింద నేల ఊగుతున్నట్టే ఉంటుంది. వాళ్ళకది పుట్టుకతో వచ్చిన అలవాటు. నేనేమో తాడేపల్లిగూడెం పక్క మెట్టలో, గునపం వేస్తే ఖంగుమనే ఎర్రగరుసు నేల మీద పుట్టినదాన్ని. నాకు ఆ ఊపు మహా వింత.

మావారు మిషన్ బడిలో మేస్టారు. పూరిల్లు తీసేసి అక్కడే ఇటుకల మేడ కట్టాలని ఆయన పట్టు. గుండుగొలను దాటాక మెట్ట మీద మామగారి జాగా ఉంది, అక్కడ కట్టండని నా పోరు.

"నీ పుట్టింటికి నాలుగడుగులు దగ్గరవుతుందనేగా?" అని నవ్వేవారు. అందులో అబద్ధమేమీ లేదు మరి.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఆయన ఇటుకల బేరానికి తాడేపల్లిగూడెం వెళ్ళారు. నేను వసారాలో బియ్యం చెరుగుతున్నాను, అత్తయ్యగారు లోపల పనిలో ఉన్నారు. బిందెలో నీళ్ళు వాటంతటవే అంచు దాటి ఒలికాయి. ఉట్టి మీద కుండలు ఊగాయి. చూరు కిర్రుమంది. చేట పారేసి రేవు దాకా పరుగెత్తి, "భూమి కదులుతోందండీ!" అని అరిచాను.

అప్పుడే దోనెలు దిగుతున్నవాళ్ళు నన్ను చూసి నవ్వారు. "కొత్తకోడలిగారికి పడవ తూలు ఇంకా తగ్గలేదండోయ్!"

నేను పడవెక్కి వారం దాటిందంటే వినేదెవరు? వాళ్ళ కాళ్ళ కింద కూడా నేల ఊగే ఉంటుంది. ఊగని రోజంటూ ఉంటే కదా తేడా తెలియడానికి!

సాయంత్రం ఆయనొచ్చి అంతా విన్నారు. "గూడెంలో చెంబు కూడా కదల్లేదు. అక్కడ కదలని భూమి నీ ఒక్కదాని కోసం ఇక్కడ కదిలిందా? మేడ వద్దంటే వద్దని చెప్పు, అంతేగాని భూమిని సాక్ష్యానికి పిలవకు."

నాకు ఏడుపొచ్చింది. మేడ సంగతి అటుంచి, కట్టుకున్నవాడే నన్ను అబద్ధాలకోరును చేశాడే అనే నా బాధ. ఆ ఇంట్లో నా మాట ఒక్కరు నమ్మితే చాలుననిపించింది.

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక, భీమడోలు స్టేషనులో తెచ్చుకున్న పేపరు ఆయన గట్టిగా చదువుతున్నారు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఉత్తరాన పెద్ద భూకంపమట. కొండల నడుమ గిన్నెలాంటి లోయలో ఒక పట్టణం ఉందట. పూర్వం సరస్సుగా ఉండి పూడిపోయిన మెత్తటి మట్టి మీది ఇళ్ళు కూలిపోయాయట, చుట్టూ రాతినేల మీదివి చాలామటుకు నిలిచాయట. "సరస్సు" అన్న మాట దగ్గర ఆయన గొంతు కాస్త తగ్గింది.

మాకు జున్ను వడ్డిస్తున్న అత్తయ్యగారు గరిట ఆపారు.

"అబ్బాయ్, ఆవేళ నేనూ గుంజ పట్టుకుని నిలబడ్డానురా. నేనూ పడవెక్కలేదు. తల తిరిగిందంటే ముసలిదైపోయిందని నన్నిక దోనె ఎక్కనివ్వరేమోనని చెప్పలేదు." నా వైపు తిరిగి, "ఏమనుకోకమ్మా" అన్నారు.

అత్త లేని కోడలుత్తమురాలంటారు గానీ, ఆ అత్తే లేకపోతే నా గతేమయ్యేదో!

ఆయన తన పళ్ళెం అంచు మీద వేలితో చిన్నగా తట్టారు. పళ్ళెం కదిలీ కదలనట్టుంది. మధ్యలో జున్ను మాత్రం గడగడ వణికి, ఎంతకీ ఆగలేదు. మళ్ళీ తట్టారు. మళ్ళీ అంతే.

"అంచు గూడెం. మనం జున్ను మీదున్నాం" అన్నారు తనలో తను.

"మరి జున్ను మీద మేడ కడతారాండీ?" అన్నాను. అత్తయ్యగారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

మేడ మెట్ట మీదే లేచింది. ఆవేళ నువ్వు చెప్పింది నిజమేనని ఆయన నోట ఒక్కసారైనా వినాలని చాలా ఏళ్ళు ఎదురుచూశాను. అనలేదు. కానీ నేను జున్ను వడ్డించినప్పుడల్లా, తినబోయే ముందు పళ్ళెం అంచు ఒకసారి తట్టి నా మొహంలోకి చూసేవారు.