నరసమ్మ మాటలు, నా పేరు

నా నాటకం పడితే పలాస నుంచి టెక్కలి దాకా బస్సులు ఆగిపోయేవి. ఈ మాట ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. ఆగింది ఒక్క బస్సే. దానికి టైరు పంక్చరైంది. ఇలాంటి కోతలు కోసుకుంటూ ఇన్నేళ్లూ పక్కకు నెట్టుకొచ్చిన బరువొకటి ఉంది. ఇప్పుడది గుండెల మీద కూర్చుంది. మీకు చెప్పకపోతే ఊపిరాడేలా లేదు.

నరసమ్మ కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. నా నాటకంలో తల్లి వేషం ఆమెది. చదువు రాదు. రిహార్సల్లో నేను డైలాగు చదివి వినిపిస్తే, "ఏ తల్లి ఇలాగంటాది మేస్టారూ" అని నవ్వి, తన తీరున అనేది. నేను నా వాక్యం కొట్టేసి ఆమె మాట రాసుకునేవాణ్ణి. నాటక పరిషత్తు పోటీల నాటికి ఆ పుస్తకంలో నాదంటూ మిగిలింది అట్ట మీది పేరొక్కటే.

పోటీలు చూసిన హైదరాబాదు టీవీవాళ్లు నన్ను సీరియల్ రాయమన్నారు. తల్లి పాత్రకు ఆ నటినే తీసుకురమ్మన్నారు. ఆమె సెట్లో నోరు విప్పితే ఆ మాటలు ఎక్కడివో అందరికీ తెలిసిపోదా? ఆమె నటన మానేసిందని వాళ్లకు చెప్పాను. వాళ్లకు పట్నం మనిషే కావాలట అని ఆమెకు చెప్పాను. ఆమె వేళ్లకంటిన జీడిరసం తుడుచుకుంటూ ఉండిపోయింది.

అంతటితో ఆగానా? సీరియల్ సాగేకొద్దీ నా దగ్గర మాటలు అయిపోయాయి. హైదరాబాదులో రైలెక్కి కాశీబుగ్గ వచ్చేవాణ్ణి. పలకరించడానికి వచ్చినట్టు ఆమె గుమ్మంలో కూర్చుని, ఇంటి సంగతులు కదిపేవాణ్ణి. మేస్టారు తనను మరిచిపోలేదని వీధంతా చెప్పుకునేదట. ఆమె భర్త కిడ్నీ జబ్బుతో మంచం పట్టినప్పుడు, ఏడుస్తూ అతనితో ఆమె అన్న మాటలు కూడా తిరుగు రైల్లో రాసుకుని, ఆ వారమే, అప్పుడు రాస్తున్న ఒక సినిమాకు ఇచ్చేశాను. థియేటర్లో జనం కళ్లు తుడుచుకుంటుంటే మురిసిపోయాను. ఆ మనిషి నేనేనా? ముప్ఫై ఏళ్లు రచయితనని పిలిపించుకున్నవాడికి సొంత వాక్యం ఒక్కటైనా ఉందా? పాత కాగితాలన్నీ ముందేసుకుని వెతుకుతున్నాను. దొరకడం లేదు.

ఇది అచ్చుకు పంపేముందు, నిన్న ఆమె దగ్గరకు వెళ్లి చదివి వినిపించాను. క్షమించమని అడగలేదు. అడిగే ముఖం ఏది? బయటికి చెప్పేశాక మాత్రం కాస్త ఊపిరి ఆడింది, అబద్ధమెందుకు. ఆమె ఆసాంతం విని అంది:

"మానీసిందని సెప్పినారా? నేదు మేస్టారూ. సచ్చిపోనాదని సెప్పినారు. ఆ టీవీ ఆయన ఇటేపు వచ్చినప్పుడు, నా పటానికి ఎయ్యడానికి దండ అట్టుకుని మా ఇంటికొచ్చినాడు. తలుపు నానే తీసినాను. మీ పరువు పోతాదని, నరసమ్మ సెల్లినని సెప్పి ఆ దండ అందుకున్నాను."