రంగు డబ్బా మీది వేలు

శంషాబాద్‌లో ఉంటూ ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతున్నాను. ఎవరో నా కారు పక్కద్దం కవరును గీరేసి పోతే, దాన్ని ఊడదీసి ఇంట్లోనే స్ప్రే డబ్బాతో రంగు కొట్టడానికి కూర్చున్నాను. తడి రంగుకు దుమ్ము అంటుకుంటుందని ముందుగది తలుపులు, కిటికీలు మూసేశాను. ఫ్యాను కూడా ఆపేశాను. అదే పెద్ద తెలివి అనుకున్నాను.

ఆరోజు అమావాస్య. ప్రతి అమావాస్యకూ మా అమ్మ కారుకు హారతి ఇస్తుంది. కారు భాగం ఇంట్లో ఉంది కదా అని, కర్పూరం వెలిగించుకుని తలుపు తోసుకుని వచ్చింది.

"జర ఆగు బిడ్డా, దీనికి గూడ హారతియ్యనీ" అంది.

వద్దనేలోపే, మూసిన గదిలో నిండిన రంగు ఆవిరి అంటుకుని గదంతా భగ్గుమంది. డబ్బా నుంచి మంట దూకుతోంది.

"వేలు తియ్‌రా!" అని అమ్మ అరుస్తోంది.

నా వేలు మాత్రం డబ్బాను నొక్కుతూనే ఉంది. భయం కూడా వేయలేదు. ఎవరి చేతినో చూస్తున్నట్టు నిలబడ్డాను. అమ్మే మంటలో చెయ్యి పెట్టి డబ్బాను కొట్టి పడేసింది, నన్ను బయటికి లాగింది.

దవాఖానలో అమ్మ చేతికి కట్టు కడుతుంటే, "నీ రంగంత నేనే ఖరాబ్ జేస్తి గదరా" అంది. నాకు ఏడుపు రాలేదు. అవునన్నట్టు తలూపానంతే.

ఇది జరిగి రెండేళ్లు. అమ్మ ఇప్పటికీ ఆ మచ్చల చేత్తోనే కారుకు హారతి ఇచ్చి, కళ్లకద్దుకోమని పళ్లెం నా ముందు పెడుతుంది. నేను చేతులు చాపుతాను. ఆ ఒక్క వేలు మాత్రం ముడుచుకునే ఉంటుంది.