బొట్టు పెట్టిన డిస్కు

గిద్దలూరులో మా ఇంటి ముందుగదిలోనే నాదొక చిన్న డీటీపీ దుకాణం. పెళ్లి కార్డులు, ప్రార్థన కూటాల కరపత్రాలు, పెద్దకర్మ పిలుపులు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. నేను తెలుగు కొట్టే ప్రోగ్రాం పాతకాలంది. దాన్ని అమ్మినవాళ్లు ఎప్పుడో మూసేసుకున్నారు, మళ్లీ ఎక్కించుకునే దారి లేదు. వేరే కీబోర్డు పద్ధతి ముందు కూర్చోబెడితే నాకు 'అమ్మ' అని కొట్టడం కూడా రాదు. అందుకే కంప్యూటర్లో హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. అది పోతే నా పని పోయినట్టే.

కంప్యూటర్లు బాగుచేసే అన్న ఒకాయన తర్లుపాడు నుంచి రైల్లో వచ్చాడు. ఒక డిస్కులో ఉన్నదంతా, విండోస్‌తో సహా, ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి ఎత్తిపోసే ప్రోగ్రాం ఆయన పెన్‌డ్రైవ్‌లో ఉంది. "మళ్లా ఏదీ ఎక్కించే పన్లేదమ్మా. అట్లనే లేస్తాది," అన్నాడు.

కొత్త డిస్కు నేనే తెప్పించాను. అలవాటైనదే మేలని అదే కంపెనీ, అదే సైజు. నా తెలివి అక్కడే తెల్లారింది. పైగా బయటివాళ్లు చూస్తే బాగుండదని, పాతదాన్ని విప్పగానే దుమ్మంతా పోయి తళతళలాడేలా తుడిచాను. రెండూ కవలల్లా తయారయ్యాయి.

ఆయన టీ తాగేలోపు మా అత్త తన పని కానిచ్చింది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టందే ఆమెకు తోచదు. మిక్సీ నుంచి వైఫై డబ్బా దాకా ఏదీ తప్పించుకోలేదు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు.

అన్న వచ్చి రెండు డిస్కులూ తగిలించాడు. తెర మీద రెంటికీ ఒకటే పేరు, తేడా చివరి నంబర్లలోనే. బొట్టున్న డిస్కు నంబరు చూసుకుని, "దసరాకు పూజ చేసిన పాతది ఇదే కదా. దీంట్లో ఉండేది దాంట్లోకి. నొక్కేదా అమ్మా?" అని అడిగాడు.

కార్డుల కోసం వచ్చి బయట కూర్చున్న పెళ్లివారికి సర్దిచెబుతున్నాను నేను. తల కూడా తిప్పకుండా "ఊ" అన్నాను.

"నొక్కబాక నాయనా!" లోపల్నుంచి అత్త కేక. "బొట్టు పెట్టింది కొత్తదానికి! ఇప్పుడే పెట్టినా!"

చటుక్కున వెనక్కి తిరిగాను. నొక్కి ఉంటే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కును తుడిచేసేది. ఆ తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అన్న మౌస్ మీంచి చెయ్యి తీసేసి, "అడిగింది మంచిదైంది," అన్నాడు. ఆయన అడక్కుండా నొక్కేసినా కాదనేవాళ్లు లేరు. అయినా అడిగాడు. నేను వినకపోయినా మా అత్త విన్నది. ఈ ఇద్దరికీ నేను ఎంత రుణపడ్డానో ఇప్పటికీ తల్చుకుంటూనే ఉంటాను. ఆమె పసుపు గురించి నోరెత్తడం ఆ రోజే మానేశాను.

ఆయన రెండు నంబర్లూ అటూ ఇటూ మార్చి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని నొక్కాడు. మా అత్త కూడా పక్కన నిలబడి చేతులు జోడించింది.

సాయంత్రానికి కాపీ పూర్తయింది. పాతదాన్ని తీసేసి, కొత్తదానితో కంప్యూటర్ ఆన్ చేశాడు. సగం కొట్టిన పెళ్లి కార్డు తెరిచాను. వేళ్లు వాటంతటవే పోయాయి. అక్షరాలు, వత్తులు ఎక్కడివక్కడ పడ్డాయి. నాకు ఏడుపు ఆగలేదు.

"నా చేతులు నాకు తిరిగిచ్చినావన్నా," అన్నాను.

"నేనేం ఇచ్చినానమ్మా, ఉన్నదాన్నే అటు పెట్టినా," అన్నాడాయన, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుంటూ. "ఏడ్చేది తర్వాత. ముందు కార్డు కొట్టు, వాళ్లు పొద్దట్నుంచీ కూర్చోనుండారు."